కావడికి రెండు, వీపుకి ఒకటి

జావా ఒక దీవి. చుట్టూ సముద్రం. మన విశాఖపట్నం రేవు నుంచి ఓడలో ఆగ్నేయంగా పోతే, బంగాళాఖాతం దాటిన తరవాత చాలా దూరాన ఆ దీవి వస్తుంది. అది ఇండోనేషియా దేశంలోది. ఆ దేశం మనకంటే రెండేళ్ళు ముందే, 1945లో, స్వాతంత్ర్యం ప్రకటించుకుంది.

జావా మన తెలంగాణ రాష్ట్రం కంటే కొంచెం పెద్దది. అంతే. మరి అక్కడ జనం ఎంతమందో తెలుసా? 2020 లెక్కల ప్రకారం 15 కోట్ల పైనే. 2011 లెక్కల్లో తెలంగాణ జనం మూడున్నర కోట్లు. అంటే మన దగ్గర ఒకరు పడుకునే చోట అక్కడ నలుగురు సర్దుకుంటున్నారన్న మాట. అందుకే అక్కడ భూమి మాట వస్తే ప్రతి గజమూ లెక్కే.

అక్కడి మాటలు కొన్ని వింటే మనకి ఆశ్చర్యం వేస్తుంది. ఇండోనేషియా భాషలో భర్తను 'సువామి' అంటారు. అది మన స్వామి. భార్యను 'ఇస్త్రి' అంటారు. అది మన స్త్రీ. (బట్టల ఇస్త్రీ కాదు!) ఊరు 'దేసా'. ఆస్తి 'హర్త'. ఇది 'అర్థం' అనే సంస్కృతం మాట నుంచి వచ్చింది. అర్థం అంటే ధనం. జావాలో ఎక్కువమంది ముస్లింలు. అయినా రామాయణం, భారతం కథలను తోలుబొమ్మలతో రాత్రంతా ఆడతారు. వరి పంటను కాచే తల్లిని 'దేవి శ్రీ' అని పిలుస్తారు.

కొండ మీది ఊరు

జావా మధ్యలో వరసగా కొండలుంటాయి. వాటిలో చాలా మటుకు అగ్నిపర్వతాలు. అవి అప్పుడప్పుడు నిప్పులు కక్కుతాయి. బూడిద పోస్తాయి. ఆ బూడిదే ఏళ్ళు గడిచాక మంచి మట్టి అవుతుంది. అందుకే ప్రమాదం అని తెలిసినా జనం ఆ కొండల్ని వదలరు.

కొండ కింది భాగంలో నీళ్ళుంటాయి. అక్కడ వాలును మెట్లు మెట్లుగా చెక్కి వరి మళ్ళు కట్టారు. ఆ మాగాణిని 'సావా' అంటారు. పైకి పోయేకొద్దీ మెట్ట భూములు. వాటిని 'తెగల్' అంటారు. మొక్కజొన్న, కర్రపెండలం, పొగాకు, కూరగాయలు పండుతాయి. ఇంకా పైన అడవి. ఆ అడవి చాలావరకు ప్రభుత్వానిది. ఆడవాళ్ళు అక్కడికి పోయి గడ్డి కోస్తారు, పుల్లలు ఏరుకుంటారు. కానీ చెట్టు నరకడానికి లేదు.

డియెంగ్ అనే చోటు ఇంకా ఎత్తు. దాదాపు 6,500 అడుగులు. అక్కడ పాతకాలపు శివాలయాలున్నాయి. వాటిని అర్జునుడి గుడి, భీముడి గుడి, ఘటోత్కచుడి గుడి అని పిలుస్తారు. గుళ్ళ చుట్టూ ఇప్పుడు బంగాళాదుంప తోటలు. 1980ల నుంచి ఆ పంట బాగా పెరిగింది. డబ్బు వచ్చింది. పెద్ద ఇళ్ళు లేచాయి. కొందరు మక్కా యాత్ర కూడా చేసి వచ్చారు.

కానీ దుంప కోసం నిలువు వాలు మీద కూడా చెట్లు కొట్టేశారు. వాన పడితే పైమట్టి జారి సెరాయు నదిలోకి పోతుంది. కింద ఒక పెద్ద ఆనకట్ట ఉంది. దాని జలాశయం ఆ మట్టితో పూడిపోతోంది. కాగితం మీద చేను కొలత మారదు. అర ఎకరం అర ఎకరమే. చేలో మట్టి మాత్రం ఏటేటా తగ్గుతుంది. దానికి తోడు జూలై, ఆగస్టు నెలల్లో కొన్ని తెల్లవారుజాముల్లో మంచు గడ్డకట్టి ఆకుల మీద పేరుకుంటుంది. ఆకులు మాడిపోతాయి. దాన్ని అక్కడివాళ్ళు 'విషపు మంచు' అంటారు. అప్పు తెచ్చి విత్తనం వేసినవాళ్ళకి అది నిజంగా విషమే.

ఏది ఎవరి ఆస్తి?

ఇంటి చుట్టూ ఉండే పెరడును 'పెకరంగన్' అంటారు. పేరుకి పెరడే కానీ అదొక చిన్న తోట. అరటి, పనస, బొప్పాయి, వెదురు, కాఫీ మొక్కలు, మిరప, పసుపు, అల్లం, కోళ్ళు. కింది కొండల్లో అయితే కొబ్బరి కూడా. పొలం పంట ఏడాదికి ఒకసారో రెండుసార్లో వస్తుంది. పెరడు రోజూ ఇస్తుంది. ఉప్పు కావాలన్నా, పిల్లవాడి పుస్తకం కావాలన్నా ఒక అరటిగెల, రెండు గుప్పిళ్ళ మిరపకాయలు సంతకి పోతాయి. ఆ అమ్మకం ఇల్లాలి చేతిలో ఉంటుంది.

ఇల్లు మాట వేరు. పాతకాలపు జావా ఇళ్ళు కలపవి. దూలాలు, స్తంభాలు ఒకదాన్లో ఒకటి దూర్చి కడతారు. కావాలంటే విప్పి, ఇంకో చోటికి మోసుకుపోయి మళ్ళీ నిలబెట్టవచ్చు. కాబట్టి ఇల్లు ఒకరిది, కింది నేల ఒకరిది కావచ్చు. కొడుకో కూతురో పెళ్ళయ్యాక తల్లిదండ్రుల పెరట్లో ఇల్లు వేసుకుంటారు. ఇల్లు వాళ్ళది. నేల పెద్దలది. ఈ సంగతి గుర్తుంచుకోండి. ముందు ముందు పనికొస్తుంది.

ఇక పొలం. జావాలో చాలామంది రైతులకి అర హెక్టారు కూడా లేదు. అర హెక్టారు అంటే మన లెక్కలో సుమారు ఎకరం పావు. అంతకంటే తక్కువ ఉన్న రైతుని 'గురెమ్' అంటారు. గురెమ్ అంటే కోడిపేను! ఎవరు పెట్టారో గాని చేదు పేరే పెట్టారు. ప్రభుత్వ లెక్కల్లో కూడా ఆ మాటే వాడతారు.

అసలు భూమి లేనివాళ్ళు పాలుకు చేస్తారు. 'మరొ' అంటే సగం. పంటలో సగం భూమి ఉన్నవాడికి, సగం చేసినవాడికి. 'మెర్తెలు' అంటే మూడో వంతు. చేసినవాడికి ఒక పాలే మిగులుతుంది. భూమి తక్కువై, చేసేవాళ్ళు ఎక్కువైతే సగం కాస్తా మూడో వంతు అవుతుంది. డబ్బు అవసరం పడితే పొలాన్ని తాకట్టు పెడతారు. అప్పు తీర్చేదాకా అప్పిచ్చినవాడే ఆ పొలం దున్నుకుంటాడు. సొంత పొలంలో కూలికి పోయే రాత కూడా కొందరికి పడుతుంది.

ఊరి పెద్దకీ, ఊరి ఉద్యోగులకీ జీతం బదులు వాడుకోమని ఇచ్చే భూములున్నాయి. వాటిని 'బెంగ్‌కొక్' అంటారు. మన ఊళ్ళలో వెనక కరణం, మునసబులకి ఉన్న మాన్యాల్లాంటివి.

పశువులు కూడా పాలుకే. మేక కొనే డబ్బు లేని ఇల్లాలు ఉన్నవాళ్ళ దగ్గర మేకను తెచ్చుకుని పెంచుతుంది. పుట్టిన పిల్లల్లో సగం ఆమెవి. రెండు మూడు ఈతలు అయ్యేసరికి ఆమెకి సొంత మేకలుంటాయి. ఆవుకైతే పెంచగా పెరిగిన ధరను పంచుకుంటారు. పశువు వాళ్ళకి బ్యాంకు లాంటిది. 2010లో మెరాపి అగ్నిపర్వతం పేలింది. 350 మందికి పైగా చనిపోయారు. ఊళ్ళు ఖాళీ చేయించినా కొందరు పశువులకి మేత వేయడానికి మళ్ళీ కొండెక్కారు. వాళ్ళను ఆపడానికి, ఆ పశువులను మేమే కొంటామని ప్రభుత్వం చెప్పాల్సి వచ్చింది.

డబ్బు ఎవరి చేతిలో?

జావా ఇళ్ళలో డబ్బు ఇల్లాలి చేతిలో ఉంటుంది. భర్త కూలి తెచ్చి ఆమెకే ఇస్తాడు. అతనికి బీడీ ఖర్చు కావాలన్నా ఆమెనే అడగాలి. సంతలో అమ్మేవాళ్ళూ కొనేవాళ్ళూ ఎక్కువమంది ఆడవాళ్ళే. మనకి వారానికోసారి సంత. అక్కడ పాత లెక్కలో వారానికి అయిదే రోజులు: లెగి, పహింగ్, పొన్, వగె, క్లివొన్. ఫలానా ఊళ్ళో పొన్ రోజు సంత అంటే అయిదు రోజులకోసారి వస్తుందన్న మాట.

చీటీలు కూడా ఉన్నాయి. వాటి పేరు 'అరిసాన్'. పదిమందో ఇరవైమందో చేరతారు. అందరూ సమానంగా డబ్బు వేస్తారు. పేర్లు రాసిన చిన్న కాగితాలు చుట్టి గ్లాసులో వేసి కుదుపుతారు. ఎవరి పేరు వస్తే ఆ నెల డబ్బు ఆమెది. పాట లేదు, తగ్గింపు లేదు. ఒకసారి వచ్చిన పేరు మళ్ళీ రాదు. కాబట్టి చివరికి అందరికీ సమానమే.

అయితే చేతిలో డబ్బు ఆడుతున్నంత మాత్రాన ఆడవాళ్ళకి అన్నీ బాగున్నాయని కాదు. వెనక వరి కోత అంతా ఆడవాళ్ళదే. అరచేతిలో ఇమిడే చిన్న కత్తితో ఒక్కొక్క వెన్నే కోసేవారు. ఆ కత్తి పేరు 'అని-అని'. కోసినదాంట్లో ఒక పాలు కోసినవాళ్ళకి ఇచ్చేవారు. కోతకి వచ్చిన పేద ఆడమనిషిని పొమ్మనడం మర్యాద కాదు. 1970 ప్రాంతంలో ఇది మారింది. కొత్త పొట్టి వరి వంగడాలు వచ్చాయి. చేలో పంటను నిలువునా కొనే వ్యాపారులు వచ్చారు. వాళ్ళు కొడవళ్ళు పట్టిన కొద్దిమంది కూలీలతో కోయించారు. ఊరి ఆడవాళ్ళని రావద్దన్నారు. అదే కాలంలో బియ్యం మిల్లులూ వచ్చాయి. దంచే కష్టం తప్పింది. కానీ దంపుడు కూలి మీద బతికేవాళ్ళకి ఆ కూలీ పోయింది. భూమి ఉన్న ఇల్లాలికి సుఖం, భూమి లేనామెకి పస్తు. ఒకే మిల్లు ఇద్దరికీ రెండు రకాలుగా పనిచేసింది.

కూతురికి ఎంత?

మన దగ్గర 'ఆడపిల్ల అంటే ఆడ పిల్లే, ఈడ పిల్ల కాదు' అంటారు. జావాలో ఆ మాట నడవదు. పెళ్ళయిన కొత్తలో అల్లుడే అత్తగారింట్లో ఉండడం అక్కడ మామూలు. కూతురికి భూమిలో వాటా ఇవ్వడం పాత ఆచారమే. ఎంత ఇవ్వాలి అన్న దగ్గరే రెండు పద్ధతులున్నాయి.

ఒక పద్ధతిలో కొడుకులకీ కూతుళ్ళకీ సమానం. రెండో పద్ధతికి ఒక పేరుంది: 'సెపికుల్ సెగెండొంగన్'. పికుల్ అంటే కావడి. మగవాడు కావడి మోస్తాడు. కావడికి రెండు తట్టలు. గెండొంగ్ అంటే గుడ్డతో వీపున కట్టుకుని మోయడం. ఆడమనిషి వీపున ఒక తట్ట. కాబట్టి కొడుక్కి రెండు పాళ్ళు, కూతురికి ఒక పాలు. ఇస్లాం వారసత్వ పద్ధతిలోనూ లెక్క అదే.

ఇప్పుడు మనం లెక్క చేద్దాం. ఒక తండ్రికి ఎకరం ఉంది. అంటే 100 సెంట్లు. ఒక కొడుకు, ఇద్దరు కూతుళ్ళు. కావడి లెక్కలో మొత్తం నాలుగు పాళ్ళు. పాలుకి 25 సెంట్లు. కొడుక్కి 50, కూతుళ్ళకి చెరి 25. గుంటల్లో వేస్తే 20, 10, 10. సమానంగా పంచితే ఒక్కొక్కరికి 33 సెంట్ల చిల్లర. ఒక్కో కూతురికి 8 సెంట్ల తేడా వస్తుంది. కొండ ఊళ్ళో 8 సెంట్లంటే ఒక పెరడు.

వీపు మీద తట్ట మోసినామె కొండ దిగి సంతకి పోయి, మళ్ళీ కొండెక్కి వస్తుంది. వంట చేస్తుంది, గడ్డి కోస్తుంది. తట్టల లెక్క పెట్టినవాళ్ళు ఆ నడక లెక్క పెట్టలేదు.

అయితే చాలా కుటుంబాల్లో పిల్లలంతా కూర్చుని మాట్లాడుకుంటారు. అందరూ ఒప్పుకుంటే సమానంగా పంచుకోవచ్చు. 1991లో ముస్లిం కుటుంబాల కోసం వచ్చిన నియమాల్లో కూడా ఇది ఉంది. ఎవరి వాటా ఎంతో ముందు అందరికీ తెలియాలి. ఆ తరవాత ఒప్పుకుని ఎలాగైనా పంచుకోవచ్చు. తల్లిదండ్రుల్ని చివరిదాకా చూసిన బిడ్డకి ఇల్లు వదిలేయడం కూడా ఆచారం. ఆ బిడ్డ చాలాసార్లు చివరి కూతురే.

మన దగ్గర హిందూ ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన వాటా ఆంధ్రప్రదేశ్‌లో 1985 చట్టంతో వచ్చింది. అప్పటికే పెళ్ళయినవాళ్ళకి అది దక్కలేదు. 2005లో దేశమంతటికీ వచ్చిన చట్టం ఆ తేడా తీసేసింది.

కాగితం మీద ఎవరు?

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరికి వద్దాం.

వెనక ఊరి పుస్తకంలో ఒక పద్దు ఉండేది. ఎవరి పేర పన్ను కట్టాలో అందులో రాసేవారు. ఆ పన్ను కాగితాన్నే జనం భూమి కాగితం అనుకునేవారు. కానీ పన్ను రసీదు హక్కు పత్రం కాదు. 1960లో ఇండోనేషియా భూమి చట్టం వచ్చింది. భూమి హక్కు పొందడానికి మగవారికీ ఆడవారికీ సమాన అవకాశం ఉందని ఆ చట్టం 9వ సెక్షన్‌లో రాశారు. మంచిదే. ఆ చట్టంతోనే భూములు పంచాలన్న పోరాటం కూడా లేచింది. 1965-66లో కమ్యూనిస్టులని ముద్ర వేసి లక్షల మందిని చంపారు. ఆ తరవాత చాలా ఏళ్ళు ఊళ్ళలో భూమి ఊసెత్తాలంటేనే భయం.

2017 నుంచి ప్రభుత్వం ఊరూరా భూములు కొలిచి హక్కు పత్రాలు ఇచ్చే పని పెద్ద ఎత్తున మొదలుపెట్టింది. కొలిచేవాళ్ళు వస్తారు. గట్టు పక్కవాళ్ళు నిలబడి హద్దు చూపిస్తారు. రాళ్ళు పాతుతారు. పేరు అడుగుతారు. ఎక్కువ ఇళ్ళలో భర్త పేరు చెబుతారు. 'ఇంటి యజమాని ఆయనే కదా' అంటారు. డబ్బు కూడబెట్టింది ఆమె. మేకలు పెంచి అమ్మింది ఆమె. పేరు మాత్రం ఆయనది.

ఆ కొండ ఊళ్ళ నుంచి చాలామంది ఆడవాళ్ళు హాంగ్‌కాంగ్, మలేషియా, సౌదీ అరేబియాలకి ఇంటిపనికి పోతారు. మన కడప, గోదావరి జిల్లాల ఆడవాళ్ళు కువైట్ పోయినట్టే. ఏళ్ళ తరబడి డబ్బు పంపుతారు. ఆ డబ్బుతో పాత కలప ఇల్లు పోయి ఇటుకల ఇల్లు లేస్తుంది. కలప ఇంటిని విప్పి తీసుకుపోవచ్చు అని ముందు చెప్పుకున్నాం. ఇటుకల ఇంటిని విప్పలేం. ఇల్లు కట్టింది మామగారి పెరట్లో అయితే? ఆమె తిరిగి వచ్చేసరికి మొగుడూ పెళ్ళాలకి పొసగకపోతే? నేల కాగితం మామగారి పేర ఉంటుంది. ఆమె చేతిలో ఏముంటుంది?

జావాలో దీనికి ఒక పాత మాట ఉంది: 'గొనొ-గిని'. పెళ్ళయ్యాక ఇద్దరూ కలిసి సంపాదించిన ఆస్తి అని అర్థం. పుట్టింటి నుంచి వచ్చింది ఎవరిది వాళ్ళదే. కలిసి సంపాదించింది ఇద్దరిదీ. 1974 పెళ్ళి చట్టం 35వ సెక్షన్ కూడా ఇదే చెప్పింది. కాగితం మీద భర్త ఒక్కడి పేరే ఉన్నా, పెళ్ళయ్యాక కొన్న భూమి ఇద్దరిదీ. విడిపోతే ముస్లిం కుటుంబాల నియమాల ప్రకారం చెరి సగం. భర్త చనిపోతే ముందు ఆమె సగం ఆమెకి తీసి, మిగతా సగాన్నే వారసులకి పంచాలి. అందులోనూ ఆమెకి వాటా ఉంటుంది.

కానీ అది పెళ్ళయ్యాకే కొన్నామని చూపించాలి. అందుకు కొన్న కాగితం కావాలి, దాని మీద తేదీ కావాలి. బ్యాంకు ద్వారా పంపిన డబ్బుకి రసీదులుంటే దాచుకోవాలి. మామగారి నేల మీద కట్టిన ఇంటికి కట్టక ముందే ఒప్పందం రాయించుకోవాలి. నోటి మాట మీద కట్టిన ఇళ్ళ తగాదాలు తెగడం కష్టం.

36వ సెక్షన్ ఇంకో మాట చెప్పింది. ఉమ్మడి ఆస్తి విషయంలో ఇద్దరూ ఒప్పుకున్నాకే ఏ పనైనా చేయాలి. అందుకే భూమి అమ్మేటప్పుడు పత్రం రాసే అధికారి భార్య సంతకం కూడా అడుగుతాడు. ఏముందో చదవకుండా ఆమె సంతకం పెడితే ఆ సెక్షన్ అక్కడితో సరి.

హక్కు పత్రం మీద పైన 'హక్ మిలిక్' అని ఉంటుంది. సొంత హక్కు అని దాని అర్థం. హక్ అంటే మన హక్కే. మిలిక్, మన మాలిక్ ఒకే అరబ్బీ మాట బిడ్డలు. పత్రంలో భూమి ఎక్కడుందో రాస్తారు. ఎంత ఉందో రాస్తారు. హద్దుల పటం వేస్తారు. ఇంకో చోట యజమాని పేరు ఉంటుంది. అక్కడ రెండు పేర్లు రాయించుకోవచ్చు. కొలవడానికి వచ్చిన రోజునే, దరఖాస్తు కాగితంలోనే, రెండు పేర్లూ ఇవ్వాలి. పత్రం వచ్చాక మార్చాలంటే మళ్ళీ కొండ దిగి, బస్సెక్కి, జిల్లా భూమి ఆఫీసుకి పోవాలి.